ఆదివారం పార పట్టిన కొమురన్నకు

కొమురన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గనికి సెలవుండే ఆదివారాల్లో నువ్వు ప్రార్థనకు రాకుండా, మన ఊరి నుంచి సెంటినరీ కాలనీ సంతకు పోయే మట్టిదారి గుంతలు పూడ్చేవాడివి. వంకర దారులు చక్కచేయమని బైబిలు వాక్యం చెప్పే పాస్టరునైన నేనే, విశ్రాంతి దినం మీరావని సంఘం ముందు నీ మీద నిప్పులు చెరిగాను. నువ్వు నవ్వి, "కూరగాయలు ఆదివారమని ఆగుతయా తమ్మీ?" అన్నావు.

ఇప్పుడది తారు రోడ్డు. కూరగాయలమ్ముకునే మన ఊరి రాజవ్వ కోసిన చిక్కుడుకాయ వడలకముందే కాలనీ చేరుతుంది. ఆ బేరంతోనే ఆమె ఇల్లు నడుస్తుంది. మొన్నటి వానకు కల్వర్టు పక్కన రోడ్డు కోసుకుపోయి ఆటోలు ఆగిపోయాయి. ఈ ఉదయం ఒక్క పాటతో ప్రార్థన ముగించి, సంఘమంతటినీ పారలతో అక్కడికి నడిపించాను.

గంపల దగ్గర దిగాలుగా నిలబడ్డ రాజవ్వ, "ఏంది కాకా, ఇయ్యాల వాక్యం లేదా?" అంది.

"ఇదే వాక్యం బిడ్డా. నువ్వు గూడ తట్ట అందుకో."

గండి పూడ్చాం; సంత నిండకముందే ఆమె ఎక్కిన ఆటో కల్వర్టు దాటింది. పోతూ పోతూ నా చేతిలో ఒక సొరకాయ పెట్టింది. అది నీకు రావాల్సింది, అన్నా. నిన్ను గద్దించిన చోటే నిలబడి, వచ్చే ఆదివారం ఆ మాట అందరికీ చెబుతాను.