పోయొస్తనన్న మాట

ఎల్.బి.నగర్,
శుక్రవారం ఉదయం.

ప్రియమైన అమ్మకు,

వందనాలు. ఇక్కడ నానమ్మా నేనూ దేవుని కృపవల్ల క్షేమం అని మొదటి లైనులో రాయాలి కాబట్టి రాస్తున్నాను. నానమ్మ విషయంలో అది నిజమే. మోకాళ్ల నొప్పులున్నా ఆదివారం చర్చికి నాకంటే ముందే తయారై కూర్చుంటోంది. కువైట్‌లో నువ్వూ, నువ్వు చూసుకునే ఆ ఇంటి పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

కింది పోర్షన్ ఆనంద్ కుమార్ అన్న ఈ రోజే కువైట్ విమానం ఎక్కుతున్నాడు. పచ్చడి సీసాతోపాటు ఈ ఉత్తరం కూడా అతని చేతికిస్తున్నాను. శుక్రవారం ఆ ఇంటివాళ్లు నీకు ఫోన్ ఇచ్చే రోజని నాకు తెలుసు. కానీ ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. పైగా నువ్వు ఫోన్ చేసేసరికి నేను ఇంట్లో ఉండను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. టీచరు ట్రైనింగుకు పోయిన ఐర్లండ్‌లోనూ అన్నమే తిన్నాను. నువ్వు కట్టివ్వమన్న చింతపండు క్రిస్మస్ సెలవులకు నేను ఇంటికొచ్చేదాకా వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద నేను గంటసేపు బేరమాడి కొన్న స్వెటర్ మాత్రం అక్కడి గాలికి ఏ మూలకూ చాల్లేదు. మా కోర్సులో తోటి ట్రైనీలు దాన్ని చూసి జాలిపడి ఒక పాత కోటు ఇచ్చారు.

“బడి గురించి ఒక్క ముక్క రాయవేంది” అన్నావు. రాస్తాను. ట్రైనింగులో భాగంగా నన్ను పంపింది సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరి బడికి. ఇరవై ఒక్కమంది పిల్లలు. మొదటి రోజు నేను క్లాసులోకి వెళ్తే ఎవరూ లేచి నిలబడలేదు. వాళ్లు లేస్తారని నేనూ, నేను కూర్చుంటానని వాళ్లూ చాలాసేపు చూసుకున్నాం. మర్యాద అన్నది ఊరూరికీ మారుతుందని బి.ఎడ్. పుస్తకంలో చదివాను గానీ, అప్పుడు తెలిసింది.

ఆ క్లాసులో ఊనా అని ఏడేళ్ల పిల్ల. వాళ్లమ్మ పని కోసం వేరే దేశం పోయింది. పిల్ల తాత దగ్గర ఉంటోంది. ఎవరితోనూ మాట్లాడదు. నా వెనక మాత్రం తోకలా తిరిగేది. ఎందుకో నన్ను అడగకు.

ఒకరోజు ‘మా ఇంటి నుంచి బడికి దారి’ అని పాఠం చెప్పాను. పిల్లలు వాళ్ల దారులు గీశారు. నేను నా కాలేజీకి మెట్రో దారి గీసి క్లాసు గోడకు అంటించాను. ఎల్.బి.నగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్. నాలుగు స్టేషన్లనూ ఊనా బట్టీపట్టి, నోట్లో చాక్లెట్ పెట్టుకున్నట్టు పలికేది. ఇక్కడి నుంచి మీ ఇంటికి ఎన్ని మారాలి అని అడిగింది. నేను సరదాకి, “బస్సు, రైలు, విమానం, మెట్రో. నాలుగే” అన్నాను. నాలుగు వేళ్లు మడిచి దాచుకుంది.

డిసెంబరులో ఆ బడిలో నా పని అయిపోయింది. తర్వాతి ట్రైనింగు వేరే ఊళ్లో, అది మొదలయ్యేదాకా నాకు సెలవు. చివరి రోజు బస్టాపు దాకా ఊనా నాతో వచ్చింది. ఆ బస్టాపు సముద్రం గోడకి ఆనుకుని ఉంటుంది. పోటు ఎక్కువైతే నీళ్లు బెంచీ కాళ్లదాకా వస్తాయి. “పోతున్నావా?” అంది. మన ఇంట్లో ఆ మాట అంటే నానమ్మ ఊరుకోదు కదా. నోటి అలవాటు కొద్దీ, ఇంగ్లీషులోనే, పోయి వస్తాను అన్నాను. మనకది సెలవు తీసుకోవడం. ఆ పిల్లకి అది మాట ఇవ్వడం.

“ఏ రోజు?” అని అడిగింది. అప్పుడైనా సర్దిచెప్పాల్సింది. బస్సు వచ్చి ఆగింది. గురువారం అనేసి ఎక్కేశాను. ఏ గురువారమో చెప్పలేదు.

వారం తిరక్కుండా వాళ్ల క్లాసు టీచరు మెయిల్ రాసింది. గురువారం మూడున్నర బస్సు కోసం ఊనా నిలబడిందట. నాకు నవ్వొచ్చింది, నానమ్మకు చదివి వినిపించాను. నానమ్మ నవ్వలేదు. సెలవులయ్యాక ఇంకో మెయిల్. ప్రతి గురువారం నిలబడుతోందనీ, వానలో తడిసి జ్వరం తెచ్చుకుందనీ, రానని ఒక్క లైను రాసి పంపమనీ అడిగింది. నేను పంపలేదు, అమ్మా. నా చిన్నప్పుడు ‘మీ అమ్మ రాదు’ అని ఎవరైనా రాసిచ్చి ఉంటే వాళ్లను జన్మలో క్షమించేదాన్ని కాదు. ఆ కాగితం రాసే మనిషిని నేను కాకూడదనుకున్నాను. పిల్ల తనే మర్చిపోతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. పిల్లలు మర్చిపోరని నాకు తెలియదా?

కువైట్ నుంచి వచ్చినప్పుడల్లా ఎయిర్‌పోర్టుకు ఎందుకు రావని అడిగావు. దానికీ ఇదే జవాబు. నాన్న పోయిన ఏడు, నాకు ఆరేళ్లప్పుడు, రింగ్ రోడ్డు బస్టాపులో “పోయొస్త బిడ్డా, నానమ్మను జర సతాయించకు” అన్నావు. ఎప్పుడని అడిగితే “ఐతారం” అన్నావు. ప్రతి ఆదివారం చర్చి అవగానే నానమ్మ చెయ్యి పట్టుకుని అక్కడ నిలబడ్డాను. నువ్వు ఐదేళ్లకు వచ్చావు. ఎదురుచూడడమంటే నాకు ఆపాటికే విసుగొచ్చేసింది.

ఈ రోజు పొద్దున మూడో మెయిల్ వచ్చింది. నిన్న గురువారం. బడి వదిలాక ఊనా ఇంటికి చేరలేదు. మూడున్నరకు సరిగ్గా పోటు. బస్సు డ్రైవరు తన బస్సులో ఎవరూ ఎక్కలేదంటున్నాడు. క్లాసు గోడ మీద నా మ్యాపు లేదు. అక్కడ ఇంకా తెల్లారలేదు, రాత్రంతా వెతుకుతూనే ఉన్నారు. ఇందాక అక్కడి పోలీసు ఫోన్ చేసి, నేను అన్న మాట అన్నట్టే చెప్పమన్నాడు. చెప్పాను. అతను రాసుకున్నాడు. తర్వాత, “ఏ గురువారం అన్నారు?” అని అడిగాడు.

ఎక్కడైనా దాక్కుని ఉంటే కొత్త గొంతులకు బయటికి రాదట, నా గొంతుకైతే రావొచ్చని టీచరు అంది. వచ్చే వారానికున్న టికెట్ ఈ రోజుకు మార్పించుకున్నాను. ఆ బస్టాపుకు చేరేసరికి రేపు మధ్యాహ్నం అవుతుంది. ఆలోపు పోటు రెండుసార్లు వచ్చి పోతుంది. నాకు చాలా భయంగా ఉంది.

నానమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. బ్యాగు చూసి, “ఉట్టిగ పోకు బిడ్డా, పోయొస్త అను” అంటోంది. నోరు రావడం లేదు. ఇక నువ్వు ఎప్పుడు ఫోన్ చేసినా తనే ఎత్తుతుంది. జోస్నా పోయొస్తనని చెప్పిందా అని అడగకు.

ఇన్నేళ్లూ అడగనిది ఒక్కటే అడుగుతాను. ఆ రోజు ఐతారం అన్నప్పుడు, ఆ ఆదివారం రావని నీకు తెలుసు కదా? నేనూ తెలిసే గురువారం అన్నాను, అమ్మా.

ఇట్లు,
రింగ్ రోడ్డు బస్టాపులో నీకోసం నిలబడిన నీ బిడ్డ,
జోస్నా