మ్యూట్ నొక్కిన చెయ్యి

అక్కా,

ఇది చదవగానే ఫోన్ తియ్యాలని నీ చెయ్యి లాగుతుంది. తియ్యకు. ఈ ఇంట్లో ఫోన్లో నేనిక నోరు విప్పలేను. ఎందుకో చెబుతాను, ముందు కూర్చో. మెసేజ్ పెడదామంటే నా ఫోన్ మా ఆయన చూస్తుంటారు, అందుకే ఈ ఉత్తరం.

ఫ్యాన్ల కంపెనీ వాళ్లిచ్చిన పని గురించి నీకు చెప్పానుగా, రిమోట్‌తో తిరిగే ఫ్యాన్ అని. దాని లోపల వేలిగోరంత చిప్పు ఉంటుంది. ఆ చిప్పుకి అసెంబ్లీలో ప్రోగ్రాం రాసేది నేను. అసెంబ్లీ అంటే, ఇది తీసుకో, అక్కడ పెట్టు, ఒకటి తగ్గించు, సున్నా అయిందా చూడు, కాలేదా, అయితే మళ్లీ వెనక్కి పో అని ఒక్కో అడుగూ దగ్గరుండి చెప్పడం. చంటిపిల్లకి నడక నేర్పినట్టుందే అని నువ్వు నవ్వావు. అంతే మరి.

కంపెనీ వాళ్ల బెంగల్లా, ఎవరో టీవీ చానల్ మారిస్తే వాళ్ల ఫ్యాన్ తిరక్కూడదని. అందుకని టీవీ రిమోట్ ఏం పంపుతుందో ముందు నేను చదవాలి. రిమోట్ మూతి దగ్గర చిన్న బల్బు ఉంటుంది. మీట నొక్కితే మినుకుమినుకుమంటుంది, మన కంటికి కనపడదు. ముందు ఒక పొడుగు మెరుపు, వస్తున్నా కాచుకో అన్నట్టు. ఆ వెనక వరసగా పొట్టి మెరుపులు. రెండు మెరుపుల మధ్య చీకటి కాసేపే ఉంటే సున్నా, ఎక్కువసేపుంటే ఒకటి. నా ప్రోగ్రాం చేసే పని ఆ చీకట్లని కొలవడమే. సున్నాలూ ఒకట్లూ పోగేస్తే ఏ మీట నొక్కారో దాని నంబరు వస్తుంది. రిమోట్‌కి ఇంకో మంచి బుద్ధి కూడా ఉంది. నంబరు చెప్పి ఊరుకోదు, సున్నా ఉన్నచోట ఒకటి, ఒకటి ఉన్నచోట సున్నా పెట్టి, తిరగేసి మళ్లీ చెబుతుంది. రెండూ సరిపోతేనే నమ్మాలి, లేకపోతే పారేయాలి.

ఆ మెరుపుల్ని చూసే కన్ను హాల్లో టీవీ పక్కన పెట్టాను. అక్కణ్నుంచి పొడుగు తీగ లాగి వంటింటి మూల నా బల్ల మీదున్న చిన్న తెరకి కలిపాను. అక్కడ కూర్చుంటే అత్తయ్య కుర్చీ కనపడదు గానీ, ఆవిడ నొక్కిన మీట నంబరు నా ముందు పడుతుంది.

మా అత్తయ్య సంగతి నీకు తెలియనిదేముంది. నన్ను గుండుసూది అన్నట్టే ఆవిడకి 'కుర్చీ' అని పేరు పెట్టిందే నువ్వు. రెండేళ్ల కింద చెవుల్లో చీము పట్టి వినికిడి బొత్తిగా పోయింది. పలక మీద రాసి చూపిస్తే గానీ ఏదీ తెలియదు. తన మాట తనకే వినపడదు కాబట్టి ఇల్లు అదిరేలా మాట్లాడుతుంది, టీవీ కూడా అలాగే మోగిస్తుంది. "కుర్చీ ఏం చేస్తోందే?" అని నువ్వడగడం, "ఏముంది, కూర్చుంది" అని నేననడం, అదీ ఫోన్ స్పీకర్లో పెట్టి, ఆవిడ పక్కన నిలబడి. తలుచుకుంటుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

తెర పెట్టిన రోజు నుంచే ఒక నంబరు పదేపదే పడుతోంది. చూస్తే అది మ్యూట్. చెవులు వినపడని మనిషికి మ్యూట్‌తో ఏం పని? తప్పు నాదే అనుకున్నాను. మా పనివాళ్లం అంతే అక్కా, లోకంలో ఏ వింత జరిగినా ముందు మా ప్రోగ్రాంనే అనుమానిస్తాం. చీకట్లు కొలిచే చోట లెక్క తప్పిందేమోనని వరసలన్నీ మళ్లీ చూశాను. ట్యూబులైటు వెలుగు కలుస్తోందేమోనని దానికి అట్టముక్క అడ్డం కట్టాను. కన్నే మార్చాను. "మ్యూట్ ఊరికే వస్తోందక్కా, ఎక్కడ తప్పుందో దొరకట్లేదు" అని నీ దగ్గర గోల పెట్టింది కూడా అందుకే. కానీ చెత్త వెలుగేదీ ఆ తిరగేసి చెప్పే పరీక్షలో నెగ్గదు. ఇది ప్రతిసారీ నెగ్గింది. అన్నట్టు, ఈ టీవీకి మధ్యమధ్యలో గొంతు పోతుంటుంది. స్పీకరు తీగ వదులైందని ఆయన మెకానిక్కుని పిలిపించి, నాలుగు తిట్టి మరీ బాగు చేయించారు. పాపం ఆ తీగకేం కాలేదు.

పొద్దున ఆయన ఆఫీసుకెళ్లాక నీకు ఫోన్ చేద్దామని తీశాను. ఇంకా నంబరు నొక్కనేలేదు, అలవాటుగా "అక్కా" అన్నాను. తెర మీద మ్యూట్ పడింది. హాల్లో టీవీ ఆగింది. నేను అలాగే నిలబడ్డాను. కాసేపటికి మళ్లీ మ్యూట్, మళ్లీ మోత. గిన్నె ఒకటి కావాలనే కింద పడేశాను. ఏమీ లేదు. మామూలు గొంతుతో, ఉత్తి గోడకేసి, "ఏం లేదక్కా, ఊరికే చేశాను" అన్నాను. టీవీ ఆగింది.

ఆవిడకి వినిపిస్తోంది అక్కా.

మనం ఏమేం మాట్లాడుకున్నామో ఒక్కసారి గుర్తు చేసుకో. క్యాంపుకని ఆయన సోమవారం బయల్దేరగానే నేను వచ్చేస్తానన్నది, మీ వీధి చివర గది మాట్లాడి పెట్టావన్నది, ఆయనకి చెప్పకుండానే వస్తానన్నది, అన్నీ ఆ హాల్లోనే. ఆయన చెయ్యెత్తే మనిషి కాదు, నోరే. చొక్కా గుండీ ఊడినా నేనే, బస్సు తప్పిపోయినా నేనే. మొదట్నుంచీ ఉన్నదే గానీ ఈ రెండేళ్లలో మరీ ఎక్కువైంది, ఎందుకో తెలియదు. ఇంక పడలేనని నీ దగ్గర ఏడ్చింది కూడా ఆవిడ వినే ఉంటుంది. ఆవిడ కన్నతల్లి. కొడుకు చెవిన ఒక్క మాట వేస్తే నా ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. ఏం చేయమంటావో వెంటనే రాయి.

నీ గుండుసూది


అక్కా,

నీ జవాబు అందింది. ఏమీ ఎరగనట్టు ఉండు, నోరు మెదపకు అన్నావు. ఉందామనే చూశాను. నిన్నటిదాకా ఉన్నాను కూడా.

నిన్న సాయంత్రం ఆయన చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టారు. ఇస్త్రీ చొక్కా మడత సరిగ్గా లేదట, ఆఫీసులో ఎవరో చూశారట. నేను నా బల్ల దగ్గర తల వంచుకుని నిలబడ్డాను. తల వంచితే కళ్లు తెర మీదే కదా. వాల్యూమ్ పెంచే నంబరు పడింది. దాని వెనక చిన్న గీత, ఇంకో గీత. మీట నొక్కి పట్టుకుంటే రిమోట్ ఆ నంబరే మళ్లీ మళ్లీ పంపదు, ఇంకా అదే, ఇంకా అదే అని ఒక పొట్టి సైగ పంపుతుంది. ఆ సైగ వస్తే గీత గియ్యమని రాసింది నేనే. ఆయన అరుస్తున్నంతసేపూ గీతలు పడుతూనే ఉన్నాయి. వాల్యూమ్ చివరికంటా వెళ్లిపోయాక కూడా ఆవిడ వేలు తియ్యలేదు. తెర నిండిపోయి మళ్లీ పైనుంచి మొదలైంది.

నేను మాట్లాడితే టీవీ ఆపి వినడం, కొడుకు నోరు తెరిస్తే ఆ మోతలో దాక్కోవడం. రాత్రంతా ఇదే ఆలోచన. తెల్లారి ఆయన వెళ్లాక పలక తీసుకుని ఆవిడ ముందు నిలబడ్డాను. "మీకు వినిపిస్తోంది కదా?" అని రాశాను. ఆవిడ చదివింది. అరచేత్తో నెమ్మదిగా తుడిచేసింది. టీవీ కట్టేసింది.

"పలకెందుకే ఇంకా, నోటితో అడుగు," అంది.

ఆవిడ గొంతు అంత చిన్నగా, అంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదక్కా. ఆ మాట కన్నా ఆ గొంతుకే నేను కొయ్యబారిపోయాను.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఆ చుక్కల మందు వేస్తూ పోగా కొన్నాళ్లకి ఒక చెవి తెరుచుకుంది. ముందు వాన చప్పుడు వినపడింది. నీతో చెబుదామనే లేచాను. ఇంతలో వాడొచ్చి నీ మీద అరవడం మొదలెట్టాడు. మళ్లీ కూర్చుండిపోయాను."

"అదేంటి అత్తయ్యా, ఎందుకు?"

"చెవులు పోయాక వాడు నా మీద అరవడం మానేశాడే. చెవిటిదాని మీద అరిస్తే వాడికి మాత్రం ఏం తృప్తి? ముందు వాళ్ల నాన్న, ఆ తర్వాత వీడు. నా బతుకంతా అదే. ఇన్నాళ్లకి కాస్త నెమ్మది దొరికితే పోగొట్టుకోలేకపోయాను. నా వాటా అరుపులు ఎటు పోయాయో నాకు తెలుసు. నీ మీదకే వచ్చాయి."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. "ఇంత తెలిసీ ఎలా కూర్చున్నారు?" అని అడిగాను.

"సిగ్గుతోనే కూర్చున్నాను," అంది.

"మరి నా ఫోన్లు ఎందుకు వినడం?"

"మీ అక్కతో మాట్లాడేటప్పుడు నువ్వు నవ్వుతావు. ఈ ఇంట్లో నవ్వు వినపడేది ఆ కాసేపే. మ్యూట్ ఊరికే వస్తోందని ఆమెతో అన్నావు చూడు, దొరికిపోతానని నాకప్పుడే అర్థమైంది. అయినా నొక్కుతూనే ఉన్నాను. పట్టుకుంటే బాగుండుననిపించింది."

అసలు పిడుగు ఆ తర్వాత పడింది. చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి చెప్పింది. "సోమవారం వెళ్లకు. వాడు క్యాంపుకి వెళ్లడం లేదు. ఆ గది ఇచ్చినాయన ఏదో అడగడానికి చేస్తే నీ ఫోన్ వాడే ఎత్తాడట. పెట్టె పట్టుకుని బయల్దేరి, వీధి మలుపులో టీ కొట్టు దాకా పోయి తిరిగొస్తాడు. నువ్వు సామానుతో గుమ్మంలో దొరకాలని. స్నేహితుడితో ఫోన్లో నవ్వుతూ చెప్పాడు."

"మీకెలా తెలుసు?"

"నా పక్కనే నిలబడి మాట్లాడాడు. మీరందరూ అంతేగా."

మరి ఎప్పుడు వెళ్లాలి అంటే, "నేను చూస్తాను, నువ్వూరుకో" అంటుంది. అంతకు మించి మాట లేదు. నమ్మాలా వద్దా? కొడుకు ఇల్లు చెదరకూడదని నన్ను ఆపుతోందేమో. ఇన్నాళ్లు ఇంత నటించిన మనిషి ఇంకో అబద్ధం ఆడలేదా? రిమోట్ అయితే చెప్పింది తిరగేసి మళ్లీ చెబుతుంది, పోల్చి చూసుకుంటాం. మనిషి మాటని దేంతో పోల్చుకోను? ఆయన మాత్రం ఇవాళ నన్ను ఒక్క మాట అనలేదు. పెట్టె దించి దుమ్ము దులుపుకుంటున్నారు. ఇన్నేళ్లలో తన పెట్టె తను దించుకోవడం ఇదే మొదటిసారి. అది చూసి నాకు ఇంకా భయం వేస్తోంది.

నీ గుండుసూది


అమ్మాయీ,

నేను నీ చెల్లెలి అత్తని. రైల్లో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు. నీ చెల్లెలు నా భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది. ఒళ్లో ఆ తెర పెట్టె పట్టుకునే ఉంది, చీర మడతల్లో చుట్టి. నువ్వు నన్ను కుర్చీ అంటావని తెలుసు. మొదట్లో కాస్త కోపం వచ్చింది. తర్వాత అలవాటైంది.

మేం వస్తున్నట్టు ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ నీ గుమ్మంలో నిలబడి ఇదంతా నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. ఉన్న ధైర్యం ఇవాళ పొద్దున్నే ఖర్చయిపోయింది.

పొద్దున ఆదివారం. టీ చల్లారిందని వాడు మొదలుపెట్టాడు. రెండు రోజులు బిగబట్టుకున్నాడేమో, ఒక్కసారిగా తెగింది. నీ చెల్లెలు కప్పు పట్టుకుని నిలబడిపోయింది. నా వేలు అలవాటుగా వాల్యూమ్ మీదకే పోయింది. అప్పుడు అది తలెత్తి నా వేలి వంక చూసింది. మ్యూట్ నొక్కాను, వాడి ఎదురుగా, చెయ్యి చాచి మరీ. టీవీ ఆగిపోయేసరికి హాల్లో వాడి గొంతు ఒక్కటే మిగిలింది. వాడికే వింతగా అనిపించిందో ఏమో, సగంలో ఆపేశాడు.

"ఆపావేం, అను. వినిపిస్తోంది," అన్నాను.

వాడు టీవీ వైపు చూశాడు, మాట అందులోంచి వచ్చిందేమో అన్నట్టు.

"చాలా కాలం నుంచి వినిపిస్తోందిరా. రేపు టీ కొట్టు దాకా పోయి తిరిగొస్తానన్నది కూడా విన్నాను."

వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, నీకు..." అన్నాడు, అంతే. చిన్నప్పుడు వాళ్ల నాన్న అరిస్తే బల్ల కింద దూరి చెవులు మూసుకునేవాడు. సరిగ్గా ఆ ముఖం. నాకు జాలేసింది అమ్మాయీ, అబద్ధమెందుకు. జాలితోనే ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను. ఈసారి మూసుకోలేదు.

"నీ పెళ్లాం రేపు దొంగచాటుగా పోవడం లేదు. ఇవాళే, నీ ఎదురుగానే పోతోంది. దానికిష్టమైతే నేనూ దాని వెంటే పోతున్నాను," అన్నాను.

నేను వస్తానన్న సంగతి నీ చెల్లెలికీ అప్పుడే తెలిసింది. అది నోరు తెరుచుకుని నా వంక చూసింది. కప్పు బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. దాని మీద పడ్డ అరుపులన్నీ విని కూర్చున్నదాన్ని, నన్నెందుకు తీసుకుపోతుంది? కాసేపటికి రెండు సంచులు పట్టుకుని వచ్చింది. రెండోదాంట్లో పైనే నా చెవి మందు, నా శాలువా కనపడ్డాయి.

వాడు గుమ్మానికి అడ్డం వచ్చాడు. నోరు తెరిచాడు. ఇద్దరం నిలబడి వాడి ముఖంలోకే చూశాం, ఏమంటాడో విందామని. వెనక్కి పోయి నా కుర్చీలో కూలబడ్డాడు. మేం మెట్లు దిగుతుంటే టీవీ మోత వినపడలేదు. ఇంకా మ్యూట్‌లోనే ఉన్నట్టుంది.

ఆ గదిలో మంచం ఒక్కటే ఉందని నువ్వు ఫోన్లో అన్నావు. అది నీ చెల్లెలికి ఉండనీ. నాకో కుర్చీ చూసి పెట్టు, చాలు. టీవీ అక్కర్లేదు.

ఈ కాగితం నీ చేతికిచ్చి నేను వెనక్కి జరుగుతాను. నీ చెల్లెల్ని లోపలికి తీసుకెళ్లు. నా గురించి తొందరేం లేదు, మొత్తం చదువు, ఆలోచించుకో. నేను గుమ్మం బయటే నిలబడి ఉంటాను. రమ్మనాలనిపిస్తే గట్టిగా పిలవక్కర్లేదు. చిన్నగా పిలిచినా నాకు వినిపిస్తుంది.

ఇట్లు,
కుర్చీ