మెడ దాకా కనిపించే అద్దం

జూన్ 3, మంగళవారం. ఉదయం నుంచి ముసురు. చూరు కాలువలో పేరుకున్న ఆకులు తీశాను.

టీచరమ్మకు,

ఇక్కడ క్షేమం. నీ ఉత్తరం శనివారం అందింది. మీ కుట్టు శిక్షణ కేంద్రంలో ఏడో నంబరు మిషను దారం తెంపుతోందని రాశావు. షటిల్ విప్పి తుడిపించు. అప్పటికీ తెంపితే సూది తిరగేసి పెట్టారేమో చూడు. కొత్తవాళ్లు అలాగే పెడతారు.

ఈ వారం బాగుకు నాలుగు మిషన్లు వచ్చాయి. మూడు ఇచ్చేశాను. బాగయిన మిషను మీద కుట్టి చూడటానికి నువ్వు లేవు కాబట్టి నేనే కుట్టి చూస్తున్నాను. కుట్టు వంకర పోతోంది. మిషను తప్పు కాదు.

ఒక సోఫా కొన్నాను.

ఇంతే విశేషాలు.

ఇట్లు,
ఇంట్లో మనిషి

తా.క. సోఫా గుమ్మంలో పట్టలేదు. బందులు విప్పి తలుపు ఊడదీశాం. అప్పుడూ పట్టలేదు. సగం లోపల, సగం వీధిలో ఇరుక్కుంది. నిన్నంతా వీధి సగంలో కూర్చుని పని చేసుకున్నాను. ఈ ఉదయం లోపలికి వచ్చింది. తలుపు మాత్రం ఇప్పుడు పడటం లేదు.


జూన్ 7

శ్రీవారికి,

మీ ఉత్తరం చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. నమ్మడానికి రెండు రోజులు పట్టింది. సోఫానా? మీరా? పెళ్లయిన పద్దెనిమిదేళ్లుగా, నడుము నొప్పి పుడుతోంది, వీపు ఆనించుకునే కుర్చీ ఒక్కటి కొనండి మహాప్రభో అని మొత్తుకున్నాను. "కుర్చీకి వీపుంటే వచ్చినవాళ్లు లేవరు" అని స్టూళ్లతోనే సంసారం ఈడ్చుకొచ్చారు. నేనిలా హాస్టలుకు వచ్చి ఏడాది తిరక్కుండానే సోఫా! హాస్టల్లో నా గదిలో ఉండే నర్సమ్మకు చెప్తే ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. "మగవాడు ఉన్నట్టుండి ఇల్లు సర్దుతున్నాడంటే కొంచెం కనిపెట్టి ఉండాలక్కా" అంది. నేను నవ్వేశాను. పైకి.

అసలు సంగతి ఇది. మా ప్రిన్సిపాల్ మేడం పిలిచి, "మీ ఏడాది ఈ నెలతో అయిపోతుంది. ఇంకో రెండేళ్లు ఉంటారా? ముప్పయ్యో తేదీ పది గంటలకల్లా చెప్పండి, లేకపోతే వేరేవాళ్లను చూసుకోవాలి" అన్నారు. ఇంట్లో అడిగి చెప్తానన్నాను. ఉండమంటారా, రమ్మంటారా? ఫోన్ చేస్తే మీరు "ఊఁ" తప్ప అనరు. కాగితం మీదైనా ఒక్క మాట రాయండి.

మీ
టీచరమ్మ

తా.క. ఏడో నంబరు మిషనులో సూది తిరగేసే ఉంది. పెట్టింది నేనే. క్లాసులో ఎవరికీ చెప్పలేదు.


జూన్ 11, బుధవారం. వాన వెలిసింది. తలుపు అంచు చిత్రిక పట్టి మళ్లీ బిగించాను.

టీచరమ్మకు,

రెండేళ్ల సంగతి నీ ఇష్టం.

అద్దం కొన్నాను. వెడల్పు నాలుగడుగులు, ఎత్తు రెండున్నర. చుట్టూ బంగారు రంగు చట్రం. అద్దాల షాపతను నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "కిటికీకి ఎదురుగా పెట్టండి సార్. వెలుగు రెట్టింపవుతుంది. గది రెట్టింపవుతుంది. ఉన్న వస్తువులన్నీ రెట్టింపవుతాయి." అలాగే పెట్టించి, దాని కింద గోడకు ఆనించి భోజనాల బల్ల వేశాను. బల్ల కూడా కొత్తదే. పైన గాజు పలక. తింటూ కిందికి చూస్తే మన కాళ్లు మనకే కనిపిస్తాయి. భోజనం ముందు చూడదగ్గవి కావు.

బల్లతో పాటు వీపున్న కుర్చీలు రెండు ఇచ్చారు. షాపతను చెప్పింది నిజమే. ఒక కుర్చీ వేస్తే అద్దంలో ఇంకోటి కనిపిస్తోంది. రెండోది అనవసరమని తిరిగి పంపేశాను.

ఇట్లు,
ఇంట్లో మనిషి

తా.క. అద్దం బిగించడానికి వచ్చినతన్ని అందరూ రసమట్టం అంటారు. మట్టం చూసే ఆ పనిముట్టు లేనిదే కదలడు. టీ ఇస్తే కప్పు కింద కూడా పెట్టి చూశాడు. "సార్, ఇంత కిందికి బిగిస్తే మీరు నిలబడినప్పుడు మెడ దాకానే కనిపిస్తారు" అన్నాడు. "కనిపించనీ" అన్నాను. "మరి తల?" అన్నాడు. తల ఉందని నాకు తెలుసని చెప్పాను.


జూన్ 16

శ్రీవారికి (ఇంకా అవునో కాదో తెలియక ఈ మాట పెన్సిలుతో రాస్తున్నాను),

"నీ ఇష్టం." ఎంత ముచ్చటగా రాశారండీ! నేను అడిగింది కూరలోకి వంకాయలు తేవాలా బెండకాయలు తేవాలా అని కాదు. రెండేళ్ల సంగతి. దానికి ఒక వాక్యం, అద్దానికి ఒక పేజీ.

పద్దెనిమిదేళ్లు నేను అడిగిన కుర్చీ ఇంటి దాకా వస్తే, మీ చేత్తో తిప్పి పంపేశారు. అద్దంలో కుర్చీ మీద నేనెలా కూర్చోవాలో కూడా ఆ షాపతన్నే అడగాల్సింది.

ఇది చాలదన్నట్టు ఎదురింటి గెజిట్ పిన్ని ఉత్తరం రాసింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అమ్మాయ్, చెప్పకుండా ఉండలేక రాస్తున్నా. మీ ఆయన రోజూ సాయంత్రం కిటికీ తెర తీసేసి ఎవరితోనో కూర్చుని భోంచేస్తున్నాడు. ఇతను తలూపితే అటుపక్క కూడా తలూపుతున్నారు. ఇద్దరూ ఒకే రంగు బట్టలు వేసుకుంటున్నారు, అంత దాకా వచ్చింది వ్యవహారం. నా కళ్లజోడు బాగుకు ఇచ్చాను గానీ, ఇద్దరున్నారన్నది మాత్రం ఖాయం."

అద్దంలో మీరే అయ్యుంటారు, ఆమాత్రం నాకూ తెలుసు. కానీ అద్దాన్ని చూసి తలూపడమేమిటి? పోనీ అదీ వదిలేయండి. మీకు మెడ దాకానే కనిపించే అద్దం ఎవరికోసం? ఆ ఎత్తులో ముఖం చూసుకునేది ఎవరో పొట్టి మనిషే కదా! ఎవరండీ ఆ పొట్టావిడ? నర్సమ్మ అయితే "నేను ముందే చెప్పానా" అని నాకంటే ముందు ఏడ్చేసింది.

ఇట్లు,
ఎవరో ఒకరు

తా.క. ఉత్తరం కవరులో పెట్టి, నాలుక తడి చేసి అంటిస్తూ హాస్టల్ బీరువా అద్దంలో చూశాను. నా నుదురు తప్ప ఏమీ కనిపించలేదు. నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. పొట్టావిడ ఎవరో అప్పుడు అర్థమైంది. పైదంతా చింపేయాలి, కానీ చాలా కష్టపడి రాశాను, అందుకని పంపుతున్నాను. కుర్చీ సంగతి మాత్రం వదలను. ముప్పయ్యో తేదీ సంగతి అసలే వదలను.


జూన్ 20, శుక్రవారం. ఎండ, గాలి. సోఫా కింద ఊడ్చాను.

టీచరమ్మకు,

అద్దంలో ఉన్నది నేనే. తలూపేదీ నేనే. కూర బాగా కుదిరితే ఊపుతాను. ఇదివరకు నీవైపు చూసి ఊపేవాణ్ణి. నువ్వు గమనించేదానివో లేదో తెలియదు.

కుర్చీ కోసం షాపుకు వెళ్లాను. అమ్ముడుపోయింది. ఒక్క కుర్చీయే కావాలని ఎవరో వచ్చి పట్టుకెళ్లారట. అలాంటివాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారన్నమాట.

ఇవన్నీ ఎందుకు కొంటున్నానో నువ్వు అడగలేదు గానీ చెప్తాను. మార్చిలో నీ మిషను సొరుగు ఇరుక్కుంటే ఊడదీశాను. వెనకాల నువ్వు పత్రికల్లోంచి కత్తిరించి దాచుకున్న కాగితాలు దొరికాయి. ముప్పయ్యొకటి. ఒకదాని మీద సోఫా. ఒకదాని మీద గాజు బల్ల. బంగారు చట్రం అద్దం, ఇత్తడి దీపం స్తంభం, వెండి మెరుపు పూలకుండీ. వంపులు తిప్పి శ్రద్ధగా కత్తిరించావు. కొన్నిట్లో సోఫా కాళ్లు పోయాయి, ఒకదాంట్లో అద్దం పైసగం పోయింది. ఇన్నేళ్లూ నోరు విప్పి అడక్కుండా, ఇంత ఆశ సొరుగు వెనక దాచుకున్నావని నాకు తెలియదు. ఇంటికి వచ్చేసరికి ఉండాలని కొంటున్నాను. ఇరవై రెండు అయ్యాయి.

ఇప్పుడు ముందుగది నువ్వు చూస్తే గుర్తుపట్టవు. అద్దం సోఫాను చూపిస్తుంది. దీపం స్తంభం అద్దాన్ని చూపిస్తుంది. షాపతను చెప్పినట్టు వెలుగు రెట్టింపయింది. ఖాళీ కూడా.

ముప్పయ్యో తేదీ సంగతి నీ ఇష్టం.

ఇట్లు,
ఇంట్లో మనిషి

తా.క. అనుమానం తీరుతుందని పిన్నిని పిలిచి అద్దం ముందు నిలబెట్టాను. కళ్లజోడు ఇంకా రాలేదు. కాసేపు తేరిపార చూసి, "సరే నాయనా, ఇది నువ్వే. మరి నీ పక్కన ఈ ముసలావిడ ఎవరు?" అంది.


జూన్ 25

ఏమండీ,

నవ్వాలో ఏడవాలో తెలియక ముందు నవ్వాను. ఆ కాగితాలు తిరగేసి చూడండి.

చూశారా? అవి కాలర్లు. మెడ కత్తిరింపులు. చేతి అంచుల మీద కుట్టుపని. వంపులు తిప్పి కత్తిరించింది మెడ వంపు కోసమండీ, సోఫా వంపు కోసం కాదు! వెనకవైపు ఏముందో నేనెప్పుడూ చూడలేదు. మీకు దొరికిన ముప్పయ్యొకటిలో పద్నాలుగు నాకు నోటికి వచ్చేసి ఇక్కడ పాఠాలుగా చెప్తున్నాను. మీరేమో వాటిని బోర్లా పెట్టి ఇల్లంతా నింపేశారు. పద్దెనిమిదేళ్లుగా మీరు నన్ను చదివేది ఇలాగే, వెనకవైపు నుంచి.

అయినా నవ్వు ఆగాక ఆ ఉత్తరం మళ్లీ తీశాను. "ఖాళీ కూడా" అన్న చోట ఆగిపోయాను. ఆ మాట పక్కన ఇంకొక్క మాట రాయడానికి సిరా అయిపోయిందా?

నాకు ఈ పని ఇష్టం. పొద్దున ముప్పయి మంది లేచి నిలబడితే, ఎవరికోసమో అని ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాను. సాయంత్రం గది తలుపు తీస్తే మాత్రం, మీరు సూదికి పట్టిన తుప్పు గురించి చెప్పే ఆ రెండు ముక్కలు వినిపించకపోతే ఏదో వెలితి. ఈ రెండూ మనసులో కొట్టుకుంటుంటే మీరు "నీ ఇష్టం" అని పక్కకు జరిగి నిలబడ్డారు.

ముప్పయ్యో తేదీ పది గంటల్లోగా మీ మాట అందకపోతే, నేను ఉన్నా లేకపోయినా మీకు ఒకటేననుకుని రెండేళ్లకు సంతకం పెట్టేస్తాను. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు కూడా అడుగుతారట.

మీ
నేను

తా.క. నన్ను చెయ్యి పట్టి లాగితే వచ్చేస్తానని అనుకోకండి. బహుశా రాను. కానీ లాగాలి కదండీ!


జూన్ 30, సోమవారం. మబ్బు, వాన లేదు. తెల్లవారి బస్టాండు కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకున్నాను.

టీచరమ్మకు,

ఈ ఉత్తరం మీద స్టాంపు లేదు. నీది శనివారం సాయంత్రం అందింది. ఆదివారం తపాలా లేదు. ఇవాళ వేస్తే నీకు బుధవారం అందుతుంది. అందుకని నేనే తెచ్చాను. మీ కేంద్రం గేటు లోపల, నోటీసు బోర్డు కింద బల్ల మీద కూర్చుని మిగతాది రాస్తున్నాను.

గేటు దగ్గర పెద్దాయన లోపలికి పోనివ్వలేదు.

"ఎవరు కావాలి?"

"టీచరమ్మ."

"ఇక్కడ పదకొండు మంది టీచరమ్మలున్నారయ్యా. ఏ టీచరమ్మ?"

"కొంచెం పొట్టి."

"ఓ, కాలర్ల మేడమా! మీరేమవుతారు?"

"కుట్టుమిషన్లు బాగుచేస్తాను."

"ఏం చేస్తారని కాదు, ఆవిడకేమవుతారూ అని!"

చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సోఫా కొన్నది మీరేనా?" అన్నాడు. వెంటనే లోపలికి రానిచ్చి మంచినీళ్లు కూడా ఇచ్చాడు. నా సంగతులు ఇక్కడ చాలామందికి తెలిసినట్టున్నాయి.

శనివారం నాలుగు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో రా అని రాశాను. నేను బడికి వెళ్లింది నాలుగేళ్లు. మిషను పని ఎవరూ నేర్పలేదు, విప్పి పాడుచేసి నేర్చుకున్నాను. నువ్వూ నా పక్కన చింకి గుడ్డల మీద అలాగే నేర్చుకున్నావు. ఇప్పుడు ముప్పయి మంది నీకు లేచి నిలబడుతున్నారు. వాళ్లను నా చేత్తో కూర్చోబెట్టలేను. అది చింపాను. రెండోదాంట్లో ఉండు అని రాశాను. అది అబద్ధం. మూడోదాంట్లో మళ్లీ నీ ఇష్టం అని వచ్చింది, నాకే కోపం వచ్చింది. నాలుగోదాంట్లో వాతావరణం దాటి ముందుకు పోలేదు.

నా ఇష్టం నువ్వు అడుగుతున్నావని నాకు ఆలస్యంగా అర్థమైంది. అది ఇది. నువ్వు లేకుండా నాకు బాగోలేదు. సోఫాలో ఆ చివర కూర్చుంటే ఈ చివర ఖాళీ. ఈ చివరకు వస్తే ఆ చివర ఖాళీ. మధ్యలో కూర్చుంటే రెండు పక్కలా. స్టూలు మీద ఉన్నప్పుడు ఇంత తెలిసేది కాదు.

లాగడం నాకు చేతకాదు. నువ్వు సంతకం పెట్టు. మీ కేంద్రం వెనక వీధిలో ఒక గది ఖాళీగా ఉంది. ఏడింటికి చూసి వచ్చాను. ఒక కిటికీ, ఒక మేకు, ఇంకేమీ లేవు. కుట్టుమిషన్లు ఈ ఊళ్లోనూ చెడిపోతాయి. పనిముట్ల పెట్టె వెంటే తెచ్చుకున్నాను, బల్ల కింద ఉంది. గదికి ఇంకా మాట ఇవ్వలేదు. నువ్వు చూసి సరేనంటే ఇద్దాం. ఈసారి నీ ఇష్టం అన్నది గది వరకే.

ఇట్లు,
బల్ల మీద మనిషి

తా.క. ఇంటి తాళం పిన్నికి ఇచ్చాను. రోజూ వెళ్లి సోఫాలో కూర్చుని ఇల్లు కనిపెట్టుకుని ఉంటానంది. వాళ్ల కిటికీలోంచి చూడటం కంటే అది దగ్గరట.

తా.క. మళ్లీ. తొమ్మిది నలభై. నువ్వు మెట్లు దిగుతున్నావు. మెడలో టేపు వేలాడుతోంది. కాస్త చిక్కావు. గేటు పెద్దాయన నావైపు వేలు చూపిస్తున్నాడు. ఇప్పుడు చూశావు. ఈ పూట చేసిన పని ఒక్కటే, నీకోసం లేచి నిలబడ్డాను.