పన్నూడినోడి ఈల

చెల్లెమ్మకు పెద్దన్నయ్య దీవెనలు. ఇక్కడ మేమందరం కులాసా. నీ ఇంట్లోనూ అంతా ఆరోగ్యంగా ఉన్నారని నీ ఉత్తరం చూసి నిమ్మళించాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ వదిన మోకాలు ఫర్వాలేదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం నన్ను తిట్టుకుంటూ దిగుతుంది, ఆ మెట్లు నేనే కట్టించినట్టు. షాపులో పనికి లోటు లేదు. వాన రాకపోతే మోటార్లు కాలతాయి, ఎక్కువ వస్తే మునుగుతాయి. ఎటుపోయినా నాకు పనే. బావగారి దగ్గు తగ్గిందో లేదో నువ్వు రాయలేదు. ఈసారి రాయి.

ఇంకా ఆ పిట్టల పిచ్చి వదల్లేదా అని అడిగావు. వదల్లేదు. ఆ ఇంటర్నెట్ సైటులో మేం చేసేదేమిటో నీకు సరిగా చెప్పినట్టు లేను. ఎక్కడెక్కడి వాళ్ళో తమ చుట్టుపక్కల విన్న కూతల్ని ఫోన్లో పట్టి సైటులో పెడతారు. మాలాంటి వాళ్ళం ఖాళీ దొరికినప్పుడు విని, అది ఏ పిట్టో చెబుతాం. జీతం లేదు, ఒకరి మొహం ఒకరికి తెలియదు. ముగ్గురు ఒకే పేరు చెబితే అది ఖాయం. ముగ్గురు ‘మనిషి’ అన్నారంటే ఆ రికార్డును చెరిపేస్తారు. తనకు తెలియకుండా ఎవరి గొంతూ పదిమంది చేతుల్లో పడకూడదని నియమం. ఇక తేలని కూతలకు తేలేదాకా ఒక ముద్దుపేరు. ‘తుప్పు గేటు’ అని ఒకటుంది, ‘అలిగిన కోడలు’ అని ఇంకొకటి. నేను చెప్పే పేర్లలో సగం తప్పులే. అయినా నన్ను ‘మోటారు మావయ్య’ అని పిలుస్తూ భరిస్తున్నారు.

పోయిన ఉత్తరంలో నీకు రాసిన కూత అక్కడికే వచ్చింది. రోడ్డు సర్వే చేసే అమ్మాయి ఒకతె, మన ఏటి దిగువన రెల్లు దుబ్బుల్లో పట్టిందట. రెండు పొడుగు ఈలలు, ఒక పొట్టి ఈల, ఆఖర్న గాలి జారిపోయిన చప్పుడు.

“ఇది గోరింకే. అవి ఏది వింటే అదే అంటాయి,” అంది మాలో పెద్దావిడ. పిల్లలకు పాఠాలు చెప్పి విరమించింది, టీచరమ్మ అంటాం.

“గోరింకకు పళ్ళుంటాయా టీచరమ్మా? చివర్లో వినండి. ముందు పన్ను ఊడినట్టు గాలి పోతోంది,” అన్నాడు నిద్రమొహం అని మేం పిలిచే కుర్రాడు.

“నీ పన్ను ఒకటి ఊడగొడితే సరిపోల్చుకోవచ్చు.”

ఆ పూట నుంచి దానికి పన్నూడినోడని పేరు స్థిరపడింది. నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. అవతల గిరాకీ పిలుస్తున్నా లేవలేకపోయాను. పడవ అంచు తగిలి పన్ను పోయాక, నా తమ్ముడు, మన చిన్నోడు, బాతుల్ని ఇంటికి పిలిచే ఈల అది. నీకు వేరే చెప్పాలా. వాడిలా వేయాలని పెదవులు మడిచి ఉత్త గాలి ఊదుతూ వాడి వెనక తిరిగినదానివి.

వరదలో వాడి పడవ బోర్లాపడి దొరికింది, వాడు దొరకలేదు. ఎన్నాళ్ళో వెతికి, పోయాడనే అనుకున్నాం. పిట్టకు నేర్పి పోయాడేమోలే అన్నయ్యా అని రాశావు. నేనూ అలాగే అనుకుందామని టీచరమ్మను విడిగా అడిగాను, గోరింక ఒకసారి వింటే నేర్చుకుంటుందా అని.

“ఒకసారికి రాదు మావయ్యా. పిల్లగా ఉన్నప్పుడు రోజూ చెవిన పడాలి. అయితే తల్లి నుంచి పిల్లకు, దాన్నుంచి దాని పిల్లకు వెళ్ళిపోవచ్చు. మనిషి ఉండక్కర్లేదు. ఎందుకడిగారు?”

“ఊరికే.”

ఇలా ఉండగా నిద్రమొహం కొత్త ఆలోచన తీశాడు. ఇద్దరు గోరింక అన్నారు, ఇద్దరు మనిషి అన్నారు, ఎటూ తేలడం లేదు కాబట్టి వానలు వెనకబట్టగానే నలుగురు కలిసి వెళ్ళి, రెల్లులో మైకులు కట్టి, పన్నూడినోణ్ణి పట్టుకునేదాకా అక్కడే మకాం వేస్తారట. వాళ్ళకది సరదా. నాకు మాత్రం వాళ్ళకంటే ముందే అక్కడికి చేరాలనిపించింది.

పోయిన నెల పొరుగూరికి మోటారు బిగించడానికి వెళ్ళానని నీకు రాశాను. అది అబద్ధం. మీ వదినకూ అదే చెప్పాను. నేను వెళ్ళింది ఆ రెల్లుకే.

గట్టు మీద గడ్డి కోస్తున్న ఆవిణ్ణి, ఈ రెల్లులో ఎవరైనా ఉంటున్నారా అని అడిగితే కొడవలి ఆపకుండానే చెప్పింది.

“బాతులాయనేనా? ఉన్నాడంటే ఉన్నాడు. మనుషుల అలికిడైతే లోపలికి పోతాడు. కోసిన గడ్డి మోపులు గట్టున పెడతాడు, మేం ఉప్పూ అగ్గిపెట్టే పెట్టి వస్తాం. మొహం చూసి ఏళ్ళయింది. మీకేమవుతాడు?”

ఏమవుతాడో చెప్పలేదు. తీరా అతను వాడు కాకపోతే ఏం చేయను?

గట్టు దిగి, దుబ్బుల మధ్య నిలబడి ఈల వేశాను. పైన అక్కడోటి ఇక్కడోటి గోరింకలు అందుకున్నాయి. అన్నిటికీ చివర్లో అదే గాలి. పోయినవాడి నోరు ఆ దుబ్బులన్నిటా తెరుచుకున్నట్టు ఉంది చెల్లీ. అవి సద్దుమణిగాక ఇంకొకటి వినపడింది. కొమ్మ మీంచి కాదు, నేల దగ్గర నుంచి, నాకు చాలా దగ్గరగా. దానికి ముందు ఊపిరి పీల్చిన చప్పుడు. గోరింక ఊపిరి మన చెవికి అందదు.

“చిన్నోడా,” అన్నాను.

కదులుతున్న రెల్లు ఆగింది. వాడు రాలేదు. నేనూ లోపలికి వెళ్ళలేదు. నాలుగడుగులు వేస్తే సరిపోయేది. వాడు కాడేమోనని భయపడ్డానా, వాడేనేమోనని భయపడ్డానా, ఇప్పటికీ తేల్చుకోలేదు. వాడే అయితే, ఇంటికి దారి తెలిసీ ఇన్నేళ్ళు రానివాడు. మతి చెదిరో, మనమీద విరక్తో, నాకు తెలియదు. అడగాలనే వెళ్ళాను. అడగలేదు. పొద్దు వాలకముందే వచ్చేశాను.

వచ్చాక ఆ రికార్డు మళ్ళీ విన్నాను. మొదట్లో గాలి అని అందరూ వదిలేసింది ఊపిరే. ‘మనిషి’ అని పెట్టాను. నాది మూడోది.

“ఖాయమా మావయ్యా?” అంది టీచరమ్మ.

“ఖాయం.”

“గుడారం కొనేశాను కదయ్యా,” అని నిద్రమొహం మొత్తుకున్నాడు. మధ్యాహ్నానికల్లా దాన్ని చెరిపేశారు. ఇక మైకులతో అక్కడికి ఎవరూ వెళ్ళరు.

కాబట్టి, నాకూ పంపు వింటాను అని నువ్వు అడిగిన కూత పంపలేను. అది ఇప్పుడు ఎక్కడా లేదు. కాపీ ఒకటి దాచుకోవచ్చు, దాచుకోలేదు. ఉంటే అదే వింటూ కూచుంటాను, ఇంకో పని చేయను.

మన ఇంటి అమ్మకానికి చిన్నోడి వాటా తేల్చమని వకీలు పంపిన కాగితం సంతకం లేకుండా ఈ కవరులోనే పెడుతున్నాను. వాడు చనిపోయాడని నా చేత్తో రాయలేను. ఇంటి అమ్మకం ఆగిపోతుందని తెలుసు. బావగారికి కోపం వస్తే నన్ననమను, పడతాను. నీకు సంతకం పెట్టాలనిపిస్తే పెట్టుకో, నేను అడ్డం చెప్పను. కానీ ముందు నువ్వు ఒకసారి అక్కడికి వెళ్ళిరా. దారి ఈ ఉత్తరం వెనక రాశాను. బావగారిని గట్టు మీదే ఉండమని, ఒక్కదానివే దిగు. ఈల మాత్రం వేయకు. వేస్తే ఆ గోరింకలన్నీ పలుకుతాయి, ఎవరు ఎవరో తెలియక నాలాగే కొయ్యబారిపోతావు. రెల్లు బయటే కూచుని మామూలుగా మాట్లాడు. పిల్లల సంగతులు చెప్పు. కాసేపు చూసి, ఎవరూ రాకపోయినా, మళ్ళీ వస్తానని చెప్పి లే.

ఇట్లు,
నీ పెద్దన్నయ్య