ఊరివైపు తిరిగిన ఫిరంగి

తాతా,

నువ్వు పోయిన రోజు మళ్లీ వచ్చింది ఇవాళ. యుద్ధకాలంలో నువ్వు కాపలా కాసిన విశాఖ సముద్రపు కోటను టూరిస్టులకు తెరుస్తున్నారంటే, నర్సీపట్నం నుంచి బస్సెక్కి వెళ్లాను. నువ్వు రోజూ నూనెగుడ్డతో తుడిచిన ఫిరంగికి తుప్పు గీకకుండానే బంగారు రంగు పూశారు. సెల్ఫీల్లో వెనక సముద్రం పడాలని దాన్ని ఊరివైపు తిప్పారు! వీళ్లకు సముద్రం ఉన్నది ఫొటోల కోసమే.

“ఎన్ని శత్రు ఓడల్ని ముంచిందో ఈ ఫిరంగి!” అన్నాడు వేదిక మీది నాయకుడు.

“ఒక్క గుండూ పేల్లేదండీ, మా తాత సెప్పేవోడు” అన్నాను.

“కూకోమ్మా, నీకేటి తెలుసు?”

కూర్చున్నాను. ఒక్కసారైనా పేల్చలేదని నువ్వు చివరిదాకా నొచ్చుకునేవాడివి. ఇప్పుడది సూటిగా వేదికవైపే చూస్తోంది తాతా. పేల్చడానికి నువ్వే లేవు.