దిబ్బ దగ్గర ఆగిన పడవ

ఆదివారం, సాయంత్రం
రేవు క్వార్టర్స్

అక్కకు, బావగారికి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

ఇక్కడ అందరం క్షేమం. ఎప్పుడూ ఈ మాట అలవాటుగా రాసేస్తాను గానీ, ఈసారి ఆలోచించి రాస్తున్నాను. పోయిన సోమవారం దిబ్బ దగ్గర జరిగింది మీ ఊళ్ళో వార్తల్లో వచ్చే ఉంటుంది. వాళ్ళు చెప్పింది అటుంచు. గస్తీ పడవలో రేడియో దగ్గర ఉన్నది నేనే కదా, నేను చెప్తాను విను.

నువ్వు పెళ్ళై వెళ్ళేనాటికి దిబ్బ అంటే సముద్రం మధ్య మనవాళ్ళు చేపలు పట్టుకునే ఇసుకమేట, అంతే. ఇప్పుడు దానికి ఇద్దరు పెద్దమనుషులు తగులుకున్నారు. రేవులో ఒక దేశాన్ని 'పక్కింటాయన' అంటారు, రెండోదాన్ని 'దూరపు చుట్టం' అంటారు. దిబ్బ మా తాతలనాటిదంటాడు పక్కింటాయన. నేనుండగా నీకేం భయమంటాడు దూరపు చుట్టం. మా గస్తీ పడవ ఆయన వాడి వదిలేసిందే. ఈయన ఒక ఓడ పంపితే ఆయన రెండు పంపుతాడు. ఈ తోపులాటలో రెండేళ్ళుగా మన పడవలు అటువైపు వెళ్ళలేదు. ఐసు ఫ్యాక్టరీ మూతపడింది. మన మంత్రిగారు ఇద్దరికీ నవ్వుతూ దణ్ణాలు పెడుతున్నారు. ఇంకేం చేస్తారు పాపం!

ఆ పొద్దున మేం వెళ్ళేసరికి రెండు యుద్ధనౌకలు ఎదురెదురుగా వస్తున్నాయి. అక్కా, ఎలా చెప్పను! తల పూర్తిగా వెనక్కి వాలిస్తే గానీ పైభాగం కనబడలేదు. మన వీధి వీధంతా లేచి నీళ్ళమీద నడిచొస్తున్నట్టుంది. ఇంజన్ల అదురు నా పళ్ళల్లోకి పాకింది. రేడియోలో రెండు గొంతులదీ ఒకటే మాట: తప్పుకో, తప్పుకో. మా కెప్టెన్ గారు పడవ అంచు పట్టుకుని ఆ ఓడలకేసే చూస్తున్నారు.

ఆ రెండింటి నడుమకి ఒక చిన్న చెక్కపడవ వచ్చి ఆగింది. మన రేవుదే. లోపల ఒక్కడే మనిషి, ఇంజను ఆగిపోయిందని చొక్కా విప్పి ఊపుతున్నాడు. మైకు అందుకుని, పడవ చెడింది, కదల్లేదు, మీరే ఆగాలి అని రెండు ఓడలకూ చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కదల్లేని పడవకి ఎంతటి ఓడైనా దారివ్వాలన్నది సముద్రం మీద అందరికీ తెలిసిన రూలే. కానీ వీళ్ళు వింటారా?

విన్నారక్కా! ముందు ఒకటి, తర్వాత రెండోది. నురగ తగ్గింది. అదురు ఆగింది. అంత ఇనుమూ ఆ చెక్కముక్కకి అటూ ఇటూ నిలబడిపోయింది. పైన అంచుల మీంచి రెండువైపుల నావికులూ వంగి చూస్తున్నారు, గింజలంత తలకాయలు. ఒకడు చెయ్యి ఊపాడు. ఎదుటి ఓడలోంచి ఇంకొకడూ ఊపాడు. చెక్కకి నీళ్ళు కొట్టుకునే చప్పుడు నాదాకా వినబడింది.

మేం మెల్లగా వెళ్ళి, తాడు విసిరి లాక్కొచ్చాం. ఆ పడవని మేమే కాపాడామని పక్కింటాయన చెప్పుకున్నాడు, కాదు మేమేనని దూరపు చుట్టం. మన ప్రభుత్వంవాళ్ళు రెండురోజులు ఆలోచించి ఇద్దరికీ కృతజ్ఞతలు చెప్పారు. తగువు తేలలేదు. ఓడలు అక్కడే ఉన్నాయి.

నాన్న కులాసా. మోకాళ్ళ నొప్పి తగ్గింది. వీలు చూసుకుని జవాబు రాయి.

నీ చెల్లి

తా.క. నాన్న ఇంతవరకూ చదివించుకుని, బాగుంది, కవరు అంటించెయ్ అని బయటికి వెళ్ళాడు. ఇక నిజం రాస్తాను. ఆ పడవ మనదే. అందులో ఉన్నది నాన్నే. చొక్కా ఊపుతున్నప్పుడే గుర్తుపట్టాను. ఇంజను చెడనూ లేదు, ఆయనే ఆపేశాడు. ఒడ్డుకొచ్చాక ఏడ్చాను, తిట్టాను, నలిగిపోయి ఉంటే ఏం చేసేవాడివని అడిగాను. "నడుస్తుంటే పొమ్మంటారు, ఆగిపోయినవాణ్ణి ఎవరు పొమ్మంటారే? అంతసేపూ అది మన దిబ్బే కదా," అన్నాడు. మేం చేరేలోపు గాలం కూడా వేశాడట. ఒక్క చేప పడింది. కూర చేశాను. తలకాయ ముక్క నా కంచంలో వేస్తూ, "పడవలో రేడియోలో నీ గొంతు విన్నాను. ఆ రెండు కొండల్నీ ఆగమన్నది నా కూతురేనా అనుకున్నానే," అన్నాడు.