తామర దుంపకు లేని బురద

ఆదివారం, రాత్రి

మా నాన్నకు అన్న, పెద్దబాపు, మంచం దిగడం లేదు. పొద్దున ఆయన పక్కన కూర్చుని పరలోకం గురించి గొంతెత్తి వాక్యం చదువుతుంటే చేత్తో ఆపాడు.

"పరలోకం యాడికి పోదు గని, జర తామర దుంప కాల్చి పెట్టు పాస్టరూ."

మేం పెరిగిన చిత్తడి అడవి ఇప్పుడు పత్తి చేను. నిర్మల్ అంగడిలో దుంపలు కొని, శుభ్రంగా కడిగి కాల్చాను. అడవిలో మేమెప్పుడూ కడిగేవాళ్లం కాదు. బురదతోనే నిప్పుల్లో వేసి, కాలిన మట్టిని పెంకులా ఊడదీసి తినేవాళ్లం. ఎలా మరిచిపోయానో.

ఆయన వాసన చూశాడు. "ఎవలు కడిగిండ్రురా?"

"నేనే."

ముట్టకుండా గోడవైపు తిరిగాడు.

దేవుడు మనల్ని బురదలోంచి లేవనెత్తాడని ఊరూరా అరిచి చెప్పినవాణ్ణి. తెల్లవారితే ఆ బురద కోసం ఎక్కడ వెతకను, ప్రభువా...